మెడ నుంచి కిందికి

కందుకూరులో, పామూరు రోడ్డు మలుపులో నా స్టూడియో.
డీవీడీ బీరువా వాసనతో వచ్చింది,
కలరా ఉండల వాసన.
పైన మార్కరుతో రాసిన "పుట్టెంట్రుకలు, మాలకొండ"
సగం చెరిగి.
వెంగమ్మ దాన్ని కొంగుతో తుడిచి
వేడన్నం పళ్లెం పెట్టినంత జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది.

"మా మరిది యాడ కనపడినా తీసెయ్యి మస్తానూ.
పిల్లోడి నిశ్చితార్థంలో పెద్ద తెర మీద వేస్తారంట.
వాడి మొకం ఆ తెర మీద పడకూడదు."

ఎందుకని అడగలేదు.
ఈ కుర్చీలో కూర్చున్నాక నేనెవర్నీ అడగను.
పొగాకు బ్యారన్‌లో వాటా అనీ, కోర్టులో సాక్ష్యం అనీ
టీ కొట్టు దగ్గర ఎప్పుడో చెవిన పడిందే.

గీతలు పడ్డ డిస్కు.
మూడుసార్లు ఉమ్మేసింది కంప్యూటరు, నాలుగోసారి మింగింది.
శనివారం. కొండ కింద వ్యాను దిగుతున్నారు జనం.
ఆ రోజుల ఎడిటింగు చూడండి:
గులాబీలు రాలతాయి,
తెర హృదయం ఆకారంలో చీలుతుంది,
మంగలి కత్తి మీద నక్షత్రం ఒకటి తళుక్కుమంటుంది.
నవ్వబోయి ఆగాను.
ఆ నక్షత్రం నేను పెట్టిందే,
పందొమ్మిదేళ్లప్పుడు, మా గురువు దుకాణంలో.

మొదట్లో తేలికే.
మెట్ల మీద మాల్యాద్రి ఒక్కడే బీడీ ఆర్పుతున్నాడు: పోయాడు.
పొంగలి కుండ కింద పుల్లలు ఎగదోస్తున్నాడు: పోయాడు.
పొగ మాత్రం తర్వాతి షాట్‌లోకి వచ్చి నిలబడింది.

ఆ తర్వాతే చెయ్యి ఆగింది.
మేనమామ ఒళ్లో గుక్కపెట్టి ఏడ్చిన పిల్లోడు
బాబాయి ఒళ్లోకి మారగానే ఊరుకున్నాడు.
చెవులు కుట్టేటప్పుడు తల పట్టుకుంది అతనే.
గంధం పూసిన గుండు మీద ఎండ పడకుండా
అడ్డం పట్టిన తువ్వాలు అతనిదే.
అతన్ని తీసేస్తే
నలభై ఆరు నిమిషాల్లో పిల్లోడు మిగిలేది
రెండు నిమిషాల పది సెకన్లు,
అందులో ఒక నిమిషం నిద్ర.

మొన్నామధ్య మా ఊరినే
ఒక జిల్లాలోంచి కత్తిరించి ఇంకో జిల్లాకి అతికించారు.
బస్టాండు కదల్లేదు.
పొగాకు వేలానికి వచ్చే లారీలు దారి తప్పలేదు.
కొట్ల బోర్డుల మీద కొత్త రంగు కిందనుంచి
పాత జిల్లా పేరు ఎండకి పైకి తేలుతుంటుంది.

ఫోన్ చేశాను. వచ్చి ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుంది.
"నువ్వే చూడక్కా."

తెర మీద పిల్లోడు బాబాయి చొక్కా తడిపేశాడు.
అందరూ నవ్వుతున్నారు.
కెమెరా వెనకనుంచి ఒక ఆడగొంతు, లేతగా:
"ఇప్పెయ్యి మాల్యాద్రీ, ఇటియ్యి, నేను జాడించి ఆరేస్తా నాయనా."

"సౌండు తగ్గించు," అంది వెంగమ్మ.

తగ్గించాను.
మాట లేకుండా ఇద్దరం చూస్తూ కూర్చున్నాం.
వీధిలో గుమ్మడికాయల బండివాడు అరుచుకుంటూ పోయాడు.
"మొకం వరకే తియ్యరాదా?"
తియ్యొచ్చు. బొమ్మ పెద్దది చేసి పైభాగం కోశాను.
ఇప్పుడు మెడ నుంచి కిందికే మనిషి:
తడిసిన చొక్కా,
పచ్చాకు జిగురుకి నల్లబడ్డ పది వేళ్లు,
వాటి మధ్య
గుండుతో, బోసి నోటితో, పైకి
ఎవరినో చూసి నవ్వుతున్న పిల్లోడు.
ఆ చూపుని ఏం చెయ్యాలో
నాకే సాఫ్ట్‌వేరూ చెప్పలేదు.

"చేతులు చూసి గుర్తుపడతారేమో," అన్నాను.

చాలాసేపు గోరుతో స్టూలు అంచు గీకింది.
"పడితే పడనీ."

మూడొందలిచ్చి లేచింది.
పాత డిస్కు బల్ల మీదే వదిలేసి పోయింది.
మెట్లు దిగి, చెప్పులేసుకుని,
చెప్పులతోనే మళ్లీ ఎక్కి వచ్చి
తీసుకెళ్లింది.